లాస్ట్ సిరీస్‌లో ఆదికాండం 33వ అధ్యాయం ఎక్కడుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: లాస్ట్ సిరీస్‌లో జేకబ్ అంటే దేవుడు, నల్లచొక్కా మనిషి అంటే సాతాను, ద్వీపం అంటే ఏదెను తోట, అంతేనా? ఇంకేమైనా బైబిలు పోలికలున్నాయా? చివరికి మంచి గెలిచినట్టా, చెడు గెలిచినట్టా?

లాస్ట్ అంటే విమానం కూలి ఒక వింత ద్వీపంలో చిక్కుకున్నవాళ్ళ కథ చెప్పే అమెరికన్ టీవీ సిరీస్. జేకబ్ ఆ ద్వీపానికి కాపలాదారు, నల్లచొక్కా మనిషి అతని శత్రువు. మీరు ఆఖరిదాకా చూసేశారు కాబట్టి కథ దాచకుండా రాస్తాను. చూడనివాళ్ళు ఇక్కడితో ఆపేసి, చూశాక రండి.

నా జవాబు: కాదు. జేకబ్ దేవుడూ కాదు, రెండోవాడు సాతానూ కాదు. నేనూ మొదట్లో మీలాగే అనుకున్నాను. అది తప్పని నాకు తెలిసేలా చేసింది మా మామ్మ. ఆవిడ ఆ సిరీస్‌ని పది నిమిషాలకు మించి చూడలేదు.

అమెరికాలో లాస్ట్ 2004 సెప్టెంబరు 22న మొదలై 2010 మే 23న ముగిసింది. మొత్తం ఆరు సీజన్లు. నా చేతికి వచ్చేసరికి 2011 సంక్రాంతి అయింది. హాస్టల్లో స్నేహితుడి హార్డ్ డిస్కులోంచి ఎక్కించుకుని, సెలవులకి బొబ్బిలిలో మామ్మ దగ్గరకి వెళ్ళాను. కెనడా బాప్టిస్టు మిషనరీలు 19వ శతాబ్దంలోనే మా వైపు వచ్చారు. మా ఇంట్లో మూడు తరాలుగా ఆ చర్చే. మామ్మ అక్కడ సండే స్కూలు టీచరు. ఊళ్ళో సగం మంది క్రైస్తవుల పిల్లలకి బైబిలు మొదటి పుస్తకం ఆదికాండం ఆవిడ నోటి వెంటే తెలిసింది.

ఆ రోజు ఆవిడ అరుగు మీద చాట ముందేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను పక్కన స్తంభానికి ఆనుకుని ఐదో సీజన్ ఆఖరి ఎపిసోడ్ పెట్టాను. సముద్రం ఒడ్డున తెల్లచొక్కా మనిషి చేప కాల్చుకు తింటూ ఉంటాడు. నల్లచొక్కా మనిషి వచ్చి పక్కన కూర్చుంటాడు. దూరంగా ఓడ. నిన్ను చంపాలని నాకెంత ఉందో తెలుసా అని రెండోవాడు చాలా మామూలుగా అడుగుతాడు. మామ్మ తలెత్తి చూసింది.

"ఎవుర్రా వాళ్ళు?"

"ఆ తెల్లచొక్కా ఆయన జేకబ్ మామ్మా. యాకోబు అన్నమాట. రెండోవాడికి పేరు చెప్పలేదు. ఇంటర్నెట్లో అందరూ ఏశావు అంటున్నారు."

"మరయితే ఇందులో చెడ్డోడెవడు?"

"ఏశావే. సాతాను లాంటోడు."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. "ఏశావు ఏటి చెడ్డపని చేసేడ్రా?"

నాకు జవాబు రాలేదు. మీరు కూడా ఒకసారి ఆలోచించండి. ఏశావు పొలం నుంచి ఆకలితో సొమ్మసిల్లి వచ్చాడు. తమ్ముడు యాకోబు వండుకున్న కూర అడిగాడు. నీ పెద్దరికం నాకు రాసిస్తే పెడతానన్నాడు తమ్ముడు. హీబ్రూలో అది ఎర్రపప్పు, మన తెలుగు బైబిల్లో మాత్రం చిక్కుడుకాయల వంటకం. (మామ్మ చాటలో ఉన్నవీ అవే కావడం వల్లో ఏమో, ఆ పూట ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది.) ఆ తరవాత ముసలితండ్రి ఇస్సాకుకి కళ్ళు కనబడవని తెలిసి, యాకోబు చేతులకి మేకతోలు చుట్టుకుని, నేనే ఏశావునని చెప్పి దీవెన కాజేశాడు. ఏశావు వచ్చి, నీ దగ్గర ఉన్నది ఒక్క దీవెనేనా నాన్నా, నన్ను కూడా దీవించు అని గొంతెత్తి ఏడ్చాడు. తమ్ముణ్ణి చంపాలనుకున్న మాట నిజమే. కానీ చంపలేదు. యాకోబు పరాయి ఊళ్ళో ఇరవై ఏళ్ళు గడిపి తిరిగి వస్తుంటే ఏశావు నాలుగు వందల మందితో ఎదురొచ్చాడు. యాకోబు భయంతో వణికిపోతూ ఏడుసార్లు నేల మీద సాగిలపడ్డాడు. ఏశావు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుని, మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. అదీ ఆదికాండం 33వ అధ్యాయం.

"ముప్పయి మూడో అధ్యాయం వచ్చేక నాకు చెప్పు," అని మామ్మ మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది.

ఆవిడ ఎందుకలా అందో నాకు తెలుసు. మామ్మకి ఇద్దరు కొడుకులు. పెదనాన్న బొబ్బిలిలోనే, మా నాన్న ఉద్యోగరీత్యా విజయనగరంలో. తాతయ్య పోయాక చెరువు కింద మడి పంపకాల దగ్గర మాటామాటా పెరిగి, ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. క్రిస్మస్‌కి పెదనాన్న పన్నెండింటికి వచ్చి తిని వెళ్ళిపోతే నాన్న రెండింటికి వచ్చేవాడు. మామ్మ రెండుసార్లు అన్నం వార్చేది, ఎవరికీ చల్లారిన అన్నం పెట్టకూడదని.

ఆ రోజు నుంచి ఆరో సీజన్ మొత్తం నేను 33వ అధ్యాయం కోసమే చూశాను. అందుకే నాకు ఈ సిరీస్ మీకు కనబడినట్టు కనబడదేమో.

ఆ సీజన్‌లో 'అక్రాస్ ద సీ' ఎపిసోడ్ గుర్తుందా? క్లాడియా అనే ఆవిడ ద్వీపానికి కొట్టుకొచ్చి కవల పిల్లల్ని కంటుంది. మొదట పుట్టినవాడికి జేకబ్ అని పేరు పెడుతుంది. రెండోవాడు పుట్టేసరికి, నేను ఒక్క పేరే అనుకున్నాను అంటుంది. పురుడు పోసిన మనిషే రాయితో కొట్టి ఆమెను చంపి, పిల్లలిద్దర్నీ పెంచుకుంటుంది. గమనించారో లేదో, రచయితలు ఇక్కడ బైబిలుని తిరగేశారు. ఆదికాండంలో పెద్దవాడు ఏశావు, తల్లి ముద్దు యాకోబు మీద. ఇక్కడ పెద్దవాడు జేకబ్, తల్లి ముద్దు పేరులేని చిన్నవాడి మీద. అక్కడ మోసం చేసి దీవెన సంపాదించినవాడు యాకోబు. ఇక్కడ ద్వీపం గుహలోని వెలుగుకి కాపలా ఉండే పనిని జేకబ్‌కి తల్లి బలవంతంగా అంటగడుతుంది. అతనికే తెలుసు తను రెండో ఎంపికనని.

మరి చెడు ఎలా పుట్టింది? చిన్నవాడికి ద్వీపం వదిలి ఇంటికి వెళ్ళిపోవాలని ఉంది, అంతే. తల్లి అడ్డుపడింది. బయటపడడానికి అతను తవ్విన బావి పూడ్చేసి, అతనితో ఉన్నవాళ్ళందర్నీ చంపేసింది. అతను ఆమెను పొడిచాడు. అప్పుడు జేకబ్ తమ్ముణ్ణి చితకబాది, లోపలికి వెళ్తే చావుకన్నా ఘోరమని తెలిసీ, ఆ వెలుగు గుహలోకి తోసేశాడు. లోపలి నుంచి నల్లపొగ బయటికొచ్చింది. అంటే ఆ పొగ రాక్షసుడు పుట్టింది మంచివాడి చేతి మీదుగానే. మొదటి సీజన్‌లో గుహలో రెండు అస్థిపంజరాలు దొరికితే, విమాన ప్రయాణికుల్లో ఒకడైన లాక్ ఆదాము, హవ్వ అంటాడు గదా. వాళ్ళు మొగుడూపెళ్ళాలు కారు, ఆ తల్లీ కొడుకూ. పక్కపక్కన పడుకోబెట్టి, నల్లరాయీ తెల్లరాయీ ఉన్న సంచి పెట్టింది చంపిన అన్నే. నాకైతే అది ఆదాము గుహ కాదు, తమ్ముణ్ణి చంపిన కయీను గుహ. ఈ సిరీస్‌లో కయీను ఎవరని అడిగితే, చేతులు కడుక్కోవడానికి జేకబ్‌కి వీల్లేదు.

అలాగని నల్లచొక్కా మనిషిని నేను వెనకేసుకు రావడం లేదు. జలాంతర్గామిలో బాంబు పెట్టి, విమాన ప్రయాణికులు సయీద్‌ని, సన్‌ని, జిన్‌ని చంపించింది అతనే. చచ్చిపోయినవాళ్ళ ముఖాలు తగిలించుకుని బతికున్నవాళ్ళని ఆడించాడు. అది చెడు. దానికి ఇంకో పేరు లేదు. కానీ అన్యాయం జరిగినవాడు చేసిన చెడు అది. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. నల్లరాయీ తెల్లరాయీ పెట్టి సిరీస్ మనకి లెక్క సులువుగా చూపిస్తుందిగానీ, కథ ఆ లెక్కకి లొంగదు. ద్వీపానికి కొట్టుకొచ్చిన రిచర్డ్ అనే అతనికి జేకబ్ వైన్ సీసా చూపించి, ఈ వైన్ చెడు అనుకో, ద్వీపం ఆ బిరడా అంటాడు. చాలామంది దాన్నే సిరీస్ సారాంశం అనుకుంటారు. చెప్పింది జేకబ్ అని మర్చిపోకండి. ఆ సీసాలో ఉన్నది తన తమ్ముడు.

ఈ మాట మామ్మతో అంటే ఆవిడకి వెంటనే బొబ్బిలి యుద్ధం గుర్తొచ్చింది. 1757 జనవరి 24. బొబ్బిలిలో పుట్టి పెరిగినవాళ్ళకి తాండ్ర పాపారాయుడు వీరుడు, విజయరామరాజు ఫ్రెంచి బుస్సీ ఫిరంగుల్ని తోడు తెచ్చుకున్న ద్రోహి. విజయనగరంలో నా చిన్నప్పటి స్నేహితుల ఇళ్ళలో మాత్రం, గుడారంలో ఉన్న రాజుని రాత్రి పూట దూరి పొడవడం ఏం వీరత్వం అనేవాళ్ళు. "తెల్లసొక్కా ఎవుడిదో కథ చెప్పినోడు చెప్తాడు గానీ, ఆళ్ళ అమ్మని అడిగితే ఇద్దరూ పిల్లలే," అంది మామ్మ.

ఇక మిగతా పోలికల సంగతి. పేర్ల జాబితా మీకు ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి నాకు బాగా నచ్చినవే చెప్తాను. కథానాయకుడు జాక్ ఇంటిపేరు షెపర్డ్, అంటే కాపరి. జేకబ్ గుహ గోడ మీద జాక్ పేరు పక్కన అంకె 23. యెహోవా నా కాపరి అనే కీర్తన కూడా 23వదే. రెండో సీజన్‌లో ఆ కీర్తన పేరుతోనే ఒక ఎపిసోడ్ ఉంది. అదే ఎకో కథ. ఎకో, యెమి అని నైజీరియాలో అన్నదమ్ములు. చిన్నప్పుడు ముష్కరులు వచ్చి యెమి చేత ఒక ముసలాయన్ని కాల్పించబోతే, తమ్ముడి చేతికి రక్తం అంటకూడదని ఎకో తుపాకి లాక్కుని తనే కాలుస్తాడు. అక్కడ చెడు ప్రేమలోంచే మొదలైంది. మళ్ళీ అన్నదమ్ములే, చూశారా.

ఇంకొకటి. జేకబ్ అనే పేరుకి మడిమ పట్టుకున్నవాడని అర్థం. అన్న మడిమ పట్టుకుని పుట్టాడని యాకోబుకి ఆ పేరు. సిరీస్‌లో జేకబ్ కాపురం ఎక్కడ? విరిగిపోయిన పెద్ద విగ్రహం పాదంలో. కావాలని చేశారో లేదో గాని, మామ్మతో చెప్తే చాలా సంతోషించింది. ఇంకా సిరీస్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ ఆరు అంకెలూ ఉన్నాయి కదా: 4, 8, 15, 16, 23, 42. కూడితే 108. మన ఇళ్ళల్లో అష్టోత్తరం తెలియనివాళ్ళెవరు? ఆఖరి ఎపిసోడ్‌లో చర్చి గదిలో రంగుటద్దాల కిటికీ మీద సిలువ ఒక్కటే ఉండదు. దావీదు నక్షత్రం, నెలవంక, ఓం, ధర్మచక్రం, యిన్‌యాంగ్ కూడా ఉంటాయి. కాబట్టి ఇది బైబిలుని అచ్చుగుద్దిన కథ కాదు. బైబిలు బాగా చదువుకున్నవాళ్ళు రాసిన వేరే కథ.

అయితే వీటన్నిటికంటే నన్ను కదిలించిన పోలిక బెన్‌ది. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి.

బెన్ అంటే ద్వీపంలో ముందునుంచీ ఉన్నవాళ్ళ నాయకుడు. అతని పూర్తి పేరు బెంజమిన్, అంటే బెన్యామీను. ఆదికాండం 35లో రాహేలు ఆ పిల్లవాణ్ణి కంటూ చనిపోతుంది. పోతూపోతూ బెనోని అని పేరు పెడుతుంది, నా దుఃఖపు కొడుకు అని. తండ్రి యాకోబు ఆ పేరు మార్చి బెన్యామీను అంటాడు. పసివాడు తల్లి చావుని పేరులో మోసుకు తిరగకూడదని కాబోలు. సిరీస్‌లో బెన్ తల్లి ఎమిలీ కూడా బెన్‌ని కంటూనే చనిపోతుంది. కానీ వాడి తండ్రి రోజర్ పేరుకి బెంజమిన్ అన్నా, మనసులో వాణ్ణి చివరిదాకా బెనోనిగానే ఉంచాడు. పుట్టినరోజు మర్చిపోయి, నువ్వు మీ అమ్మని చంపిన రోజు పండగ చేసుకోవడం కష్టం అంటాడు. ఆ ఒక్క మాటతో ఆ పిల్లవాడు ఏమైపోయాడో మూడో సీజన్ నుంచీ చూస్తూనే ఉన్నాం.

తండ్రి దీవించని ఆ పిల్లవాడు పెద్దయి, ఇంకో తండ్రిని వెతుక్కున్నాడు. ఎప్పుడూ కనబడని జేకబ్‌కి ముప్పై అయిదేళ్ళు ఊడిగం చేశాడు. లాక్ నిన్నగాక మొన్న వస్తే జేకబ్ దగ్గరకి రాచమర్యాదతో తీసుకెళ్తున్నారు. ఐదో సీజన్ చివర ఆ విగ్రహం పాదంలో, బెన్ కత్తి పట్టుకుని జేకబ్ ముందు నిలబడి అడుగుతాడు: నాలో ఏం తక్కువైంది? మరి నా సంగతేంటి? జేకబ్ ప్రశాంతంగా, నీ సంగతేంటి, అంటాడు. బెన్ పొడుస్తాడు.

నేను మామ్మ ఎదురుగా ఆ దృశ్యం చూసినప్పుడు ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. నన్ను, నన్ను కూడా దీవించు నాన్నా. ఏశావు ఏడుపే అది. నేను నల్లచొక్కా మనిషిలో వెతుకుతున్న ఏశావు, బెన్యామీను అనే పేరు పెట్టుకుని కత్తి పట్టుకుని నిలబడ్డాడు. దీవెన అందనివాడు ఏమవుతాడు అన్న ప్రశ్న కోసమే రచయితలు బైబిలు దగ్గరకి వెళ్ళారని నా నమ్మకం. జేకబ్ ఆ క్షణంలో, నువ్వూ నా కొడుకువేరా, అని ఉంటే కథ వేరుగా ఉండేది. అనలేదు. మంచివాడి తప్పు అది. నాకు ఆ ఒక్క జవాబు తమ్ముణ్ణి గుహలోకి తోసేసినదానితో సమానంగా కనబడుతుంది.

ఆరో సీజన్‌లో ఆ తప్పు దిద్దింది జేకబ్ కాదు, ఇలానా. జేకబ్‌ని తండ్రిలా చూసుకున్న మనిషి ఆమె. అందుకని బెన్ గొయ్యి అతని చేతే తవ్విస్తుంది. బెన్ పారిపోయి తుపాకి చేజిక్కించుకుని కూడా కాల్చకుండా, నన్ను రానిచ్చేది అతనొక్కడే కాబట్టి చనిపోయిన లాక్ రూపంలో ఉన్న నల్లచొక్కా మనిషి దగ్గరకి పోతానంటాడు. నేను రానిస్తాను, అంటుంది ఇలానా. ఆరో సీజన్ మొత్తం మళ్ళీ చూసే ఓపిక లేకపోతే, ఆ 'డాక్టర్ లైనస్' ఎపిసోడ్ ఒక్కటి చూడండి. బెన్ వేసిన మైకేల్ ఎమర్సన్ ముఖం ఆ మాటకి ఎలా విరిగిపోతుందో చూడండి.

ఇక 33వ అధ్యాయం. జేకబ్‌కీ అతని తమ్ముడికీ అది రాలేదు. ఆ అన్నదమ్ములు చివరిదాకా కౌగిలించుకోలేదు. నాకు కోపం వచ్చింది, నిజం చెప్తున్నాను. ఆఖరి ఎపిసోడ్ సగం దాటేసరికి అది రాదనే అనుకున్నాను. అప్పుడు, చనిపోయాక వీళ్ళందరూ కలుసుకునే లోకంలో, చర్చి బయట బల్ల మీద బెన్ ఒక్కడే కూర్చుని కనిపిస్తాడు. చక్రాల కుర్చీలో లాక్ వస్తాడు. ఉరి వేసుకోబోతున్న లాక్‌ని ఆపి, మాటల్లో పెట్టి, తనే పీక నులిమి చంపినవాడు ఈ బెన్. ఇప్పుడు ఏ సాకూ చెప్పడు. నీకు చేసినదానికి నన్ను క్షమించు, నాకు అసూయ, నీకున్నదంతా నాకు కావాలనిపించింది, అంటాడు. నీకు సాయపడుతుందంటే నేను క్షమిస్తున్నాను బెన్, అంటాడు లాక్. అది నాకు చెప్పలేనంత విలువైనది, అంటాడు బెన్. తరవాత లాక్ కుర్చీలోంచి లేచి, నడుచుకుంటూ లోపలికి వెళ్తాడు.

మత్తయి 9వ అధ్యాయంలో పక్షవాయువు గలవాడి కథ తెలుసుగా. పాపాలు క్షమించబడ్డాయని చెప్పడం సులువా, లేచి నడవమనడం సులువా అని యేసు అడుగుతాడు. అక్కడ క్షమాపణ పొందినవాడు లేచి నడిచాడు. ఇక్కడ క్షమించినవాడు లేచి నడిచాడు. ఆ తేడాని ఎవరు ఆలోచించి రాశారోగాని, వాళ్ళకి నా దండం.

అందుకని మంచి గెలిచిందా చెడు గెలిచిందా అన్నదానికి, జాక్ కొండ అంచున నల్లచొక్కా మనిషి మీద గెలిచిన పోరాటాన్ని నేను జవాబుగా చెప్పను. పక్కలో గాయంతో చనిపోయే జాక్‌లో క్రీస్తు పోలిక ఉంది, కాదనను. కానీ ఆ బల్ల దగ్గర జరిగినదే ఈ కథలో అసలు గెలుపు.

మర్నాడు పొద్దున్న మామ్మకి ఇదంతా చెప్పాను. ముప్పయి మూడో అధ్యాయం దొరికింది మామ్మా, అన్నదమ్ములకి కాదు, వేరేవాళ్ళకి, అని. ఆవిడ శ్రద్ధగా వింది.

"క్షమించేక ఇద్దరూ కలిసి లోపలికెళ్ళేరా?"

"లేదు. లాక్ వెళ్ళేడు. బెన్ బయటే ఉండిపోయేడు. పిలిచినా రాలేదు, ఇంకాసేపు ఇక్కడే ఉంటానన్నాడు."

ఆవిడ లోపలికెళ్ళి తన బైబిలు తెచ్చింది. అట్ట ఊడిపోతే గోనెదారంతో కుట్టుకున్నది. భూతద్దం పెట్టి పేజీ తీసి, వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, పదహారు, పదిహేడు వచనాలు. ఏశావు శేయీరుకి ఎళ్ళిపోయేడు, యాకోబు సుక్కోతుకి ఎళ్ళేడు. కౌగిలించుకున్నారుగానీ ఒక్క ఊళ్ళో ఉండలేదురా. అదీ రాసే ఉంది."

తరవాత నన్ను పెదనాన్న ఇంటికి పంపింది, ఆదివారం భోజనానికి రెండింటికి రమ్మని చెప్పమని. నాన్న వచ్చే వేళ అది. పెదనాన్న ఏమీ అనకుండా తలూపాడు. ఆ ఆదివారం మామ్మ ఒక్కసారే అన్నం వార్చింది. నాన్న ఒక గోడవైపు, పెదనాన్న ఇంకో గోడవైపు కూర్చున్నారు. మాటలేం లేవు. పెదనాన్న చిక్కుడుకాయ కూర కోసం గిన్నె వైపు చూస్తే, నాన్న దాన్ని అతని ముందుకి జరిపాడు.